ఎర్ర రిబ్బను గీతలు

బస్సు కండక్టరు ఆ నల్ల పెట్టెని కింది నుంచి పైదాకా ఎగాదిగా చూశాడు.

"ఏంటి మాస్టారూ, మనిషంత ఉంది? కూర్చుంటుందా, నిలబడుతుందా?"

"దాన్ని కూర్చోబెడదాం, నేను నిలబడతా," అన్నాడు టైపు మాస్టారు.

బస్సంతా నవ్వింది. కిటికీ పక్కనున్న ఒకావిడ సీటు మీది సంచి తీసి ఒళ్ళో పెట్టుకుని చోటిచ్చింది. పెట్టె సర్దుకున్నాక, "ఏం వాద్యమండీ? మీరు వాయిస్తారా?" అని అడిగింది.

"చెల్లో అంటారమ్మా. ఫిడేలుకి పెద్దన్న లాంటిది. నాది కాదు, మా ఆవిడది."

అబద్ధం కాదు. ఆవిడ పోయి ఆర్నెల్లయిందన్న మాట మాత్రం మింగేశాడు. సంచి ఒళ్ళో మోస్తూ చోటిచ్చిన మనిషి మీద ఇంకో బరువు పెట్టడం ఎందుకనిపించింది. అదీగాక ఆ మాట చెబితే ఇంకో ప్రశ్న వస్తుంది, మరి ఇప్పుడెక్కడికి తీసుకెళ్తున్నారని. అరవై మూడేళ్ళ వయసులో నేర్చుకోవడానికి, అని చెప్పాలి. ఎందుకు, అంటుంది. దానికి ఆయన దగ్గరున్న జవాబు బస్సులో చెప్పేది కాదు.

ముప్పై ఏళ్ళు ఆయన టైపు నేర్పాడు. ఎనిమిది మిషన్లు, ఒక గోడ గడియారం, ఒక రూళ్ళకర్ర. కొత్తగా చేరిన వాళ్ళు మీటల మీది అక్షరాలు చూసి కొట్టకుండా పైన గుడ్డ కప్పేవాడు. "కళ్ళు కాయితం మీద, వేళ్ళు మిషను మీద" అన్నది ఆయన మంత్రం. గుడ్డ ఎత్తి తొంగిచూసిన వాళ్ళ వేళ్ళ మీద రూళ్ళకర్ర పడేది. గట్టిగా కాదుగానీ, పదిమందికీ వినపడేట్టు. కంప్యూటర్లు వచ్చాక ఏడు మిషన్లు పాతసామాన్ల బండెక్కాయి. ఒకటి మాత్రం ఇంట్లో కిటికీ దగ్గర మిగిలింది.

ఆయన ఇంటిపట్టున కూర్చున్న ఏడాదే వాళ్ళావిడ, యాభై రెండేళ్ళ మనిషి, చెల్లో నేర్చుకుంటానంది. ఎందుకోయ్ అంటే, "రేడియోలో విన్నానండీ. మగమనిషి గొంతు తగ్గించి మాట్లాడుతున్నట్టుంటుంది. అలా మాట్లాడే మగవాడు ఎలాగూ దొరకలేదు, కనీసం పెట్టెలో పెట్టుకుందామని," అని నవ్వింది. ఆయనా నవ్వాడు. తర్వాత మూడేళ్ళ పాటు ఆవిడ సాధన మొదలుపెట్టగానే లేచి, తన గది తలుపు వేసుకునేవాడు. ఏమీ అనేవాడు కాదు. తలుపు వేసుకోవడం కూడా ఒక మాటేనని ఆయనకప్పుడు తట్టలేదు.

ఒక ఆదివారం ఆవిడ తమ్ముడూ మరదలూ భోజనానికొచ్చారు. తిన్నాక ఆవిడే చెల్లో తీసి, అడగకుండానే, కుర్చీ అంచున కూర్చుని వాయించింది. చిన్న పాట. మధ్యలో రెండుసార్లు కమాను జారి కిర్రుమంది. అయిపోగానే ఎవరూ మాట్లాడలేదు. ఆ మౌనం భరించలేక టైపు మాస్టారు అన్నాడు:

"మా వీధి తలుపుకి నూనె వేయించాలని ఏడాది నుంచీ అనుకుంటున్నానోయ్ బావమరిదీ. అది లోపలికొచ్చి కుర్చీలో కూర్చుందని ఇప్పుడే తెలిసింది."

బావమరిది పొట్ట పట్టుకుని నవ్వాడు. మరదలు కొంగు అడ్డం పెట్టుకుంది. ఆవిడ కూడా నవ్వింది, అందరికంటే ఎక్కువసేపు. నవ్వుతూనే కమాను వదులు చేసి, పెట్టెలో పెట్టి, మూత వేసింది. మళ్ళీ తియ్యలేదు. ఎనిమిది నెలలకి జబ్బు బయటపడింది. మరో పది నెలలకి వెళ్ళిపోయింది.

ఆవిడ పోయాక, ఎవరికైనా ఇచ్చేద్దామని ఆయన ఆ పెట్టె తెరిచాడు. లోపల ఒక పాఠాల పుస్తకం. ముప్పై ఎనిమిదో పేజీ మూల మడిచి ఉంది. ఆవిడ ఆగింది అక్కడ. చెల్లో మెడ మీద, వేళ్ళు పెట్టే నల్ల పలకకి అడ్డంగా, మూడు సన్నటి ఎర్ర గీతలు అతికించి ఉన్నాయి. ఏ వేలు ఎక్కడ పడాలో తెలియడానికి మొదట్లో అందరికీ అలా అతికిస్తారట. కానీ ఇవి దుకాణంలో అమ్మే పట్టీలు కావు. దగ్గరికి తీసుకుని చూస్తే టైపు రిబ్బను. సగం నలుపు, సగం ఎరుపు ఉండే పాత రిబ్బనులో ఎరుపు సగం కత్తిరించి అతికించుకుంది. అడిగి తీసుకుందో, అడక్కుండా తీసుకుందో ఆయనకి గుర్తులేదు.

ఆ రోజే అనుకున్నాడు, ఇచ్చేది లేదు, ఆ పేజీ దాకా తనే నేర్చుకోవాలని.

*

ఆవిడకి చెల్లో నేర్పిన టీచరు ఇల్లు మూడో అంతస్తులో. తలుపు తీసిన యాభై ఏళ్ళ మనిషి ఆయన్ని చూడలేదు, పెట్టెని చూసింది. పిడి తెగితే నీలం దారంతో చుట్టిన పెట్టె అది.

"ఆవిడెలా ఉన్నారు?"

"ఆర్నెల్లయిందమ్మా."

టీచరు గోడ పట్టుకుని కుర్చీలో కూర్చుంది. లోపలికి రమ్మనడం మర్చిపోయింది. పెట్టెతో గుమ్మంలోనే నిలబడ్డాడాయన. కాసేపటికి టీచరే తేరుకుని, మంచినీళ్ళిచ్చి చెప్పింది.

"మీతో ఒక మాట చెప్పుకోవాలి మాస్టారూ. చివరి క్లాసులో నేనొక మాటన్నాను. 'చేయి ఇలా బిగబట్టుకుంటే ఈ పేజీ ఈ జన్మకి అవదండీ' అన్నాను. నవ్వుతూనే అన్నాననుకోండి. ఆవిడా నవ్వారు. తర్వాతి వారం రాలేదు. ఫోన్ చేస్తే కుదరడం లేదన్నారు. అంత ఇష్టంగా వచ్చే మనిషి! నా నోరు పడిపోనూ అనుకున్నాను. అప్పట్నుంచి ఏ శిష్యుణ్ణీ ఒక్క మాట అనను."

కాదమ్మా, మీరు కాదు. ఆ నాలుగు ముక్కలూ నాలుక చివరిదాకా వచ్చాయి. చెబితే, మరి ఎవరు అని అడుగుతుంది. చెప్పాక ఈ గడప తొక్కనిస్తుందా? ఆయన తేలు కుట్టిన దొంగలా గ్లాసులోకి చూస్తూ నీళ్ళు తాగాడు.

"పాఠాలు చెబుతారా?" అని అడిగాడు.

"మీకు చెప్పకపోతే ఎవరికి చెబుతాను," అంది టీచరు.

*

మొదటి నెలంతా కమాను పట్టుకోవడమే. బొటనవేలు వంచి, మిగతా వేళ్ళు వదులుగా వేలాడదీసి పట్టుకోవాలి. బిగించారో, తీగ ఏడుస్తుంది. పుస్తకం మొదటి పేజీలో ఆవిడ పెన్సిలు రాత కనిపించింది: "బొటనవేలు సున్నాలా ఉండాలిట. నాది కోడిగుడ్డులా ఉంది." ఆయన ఫక్కున నవ్వి, వెంటనే చుట్టూ చూశాడు, ఎవరైనా విన్నారేమోనని. ఇంట్లో వినడానికి ఎవరూ లేరు.

ప్రతి పేజీలోనూ ఏదో ఒకటి రాసుకుంది. ముందుకి తిప్పి చదివేయొచ్చు. కానీ పాఠం రాకుండా తర్వాతి పేజీ తిప్పిన వాళ్ళని ముప్పై ఏళ్ళు తిట్టినవాడు, ఆ పని చేయలేకపోయాడు. ఒక పేజీ వాయించడం వచ్చాకే తర్వాతి పేజీ రాత చదివేవాడు.

మూడో నెలలో ఎడమ చేయి మొదలైంది. చూపుడు వేలు మొదటి ఎర్ర గీత మీద, ఉంగరం వేలు రెండో దాని మీద, చిటికెన వేలు మూడో దాని మీద. ఆయన వేళ్ళు చురుకైనవి, చోటు తప్పేవి కావు. అయినా స్వరం ఎప్పుడూ పొడిగా, తెగిపోయినట్టు వచ్చేది. సాధన అయ్యాక వేళ్ళ కొసలకి లేత ఎరుపు అంటేది. కడుక్కోకుండా కాసేపు అలాగే కూర్చునేవాడు.

ఆయనకి ముందు క్లాసు ఎనిమిదేళ్ళ పాపది. తన ఎత్తుకి తగ్గ బుల్లి చెల్లో. అందరూ పిడుగు అంటారు. క్లాసయ్యాక వాళ్ళమ్మ వచ్చేదాకా మెట్ల మీద కూర్చుని ఈయన పాఠం వినేది. ఒకరోజు గుమ్మంలోంచి తల లోపలికి పెట్టింది.

"తాతగారూ, మీ వేళ్ళేంటి, వేడి పెనం మీద పెట్టినట్టు ఎగురుతున్నాయి?"

"తప్పు, పెద్దవాళ్ళని అలా అనకూడదు," అంది టీచరు. "మాస్టారు బాగానే వాయిస్తున్నారు."

"పాప అన్నది నిజమేనా టీచర్‌గారూ?"

"పర్లేదు మాస్టారూ. అదే సర్దుకుంటుంది."

ఆయన చెల్లో మెడ వంక చూశాడు. ముప్పై ఏళ్ళు నేర్పిన మనిషికి ఒకటి తెలుసు. తప్పు దానంతటదే సర్దుకోదు, అలవాటై కూర్చుంటుంది. ఈ సంగతి టీచరుకి తెలియక కాదు. ఆయన వేళ్ళ మీద పడిన టీచరు చూపు ఒక్క క్షణం అక్కడే ఆగి, పక్కకి తప్పుకోవడం చాలాసార్లు చూశాడు. చెప్పాల్సిన మాట ఆవిడ గొంతులో ఉంది. దానికి గుడ్డ కప్పింది తనే.

ఏడాదికి చిన్న పాటలు వచ్చాయి. తర్వాత చూపుడు వేలు వెనక్కి చాచి అందుకునే స్వరాలు. రెండో ఏడు చేయి మొత్తాన్ని మెడ మీంచి కిందికి, చెల్లో భుజం దాకా జార్చడం నేర్చుకున్నాడు. అక్కడ గీతలుండవు. వినికిడిని నమ్మి ఆగాలి. వందసార్లు జారితే పాతికసార్లు సరైన చోట ఆగేవాడు. వేలిని ఊపి స్వరాన్ని వణికించడం కూడా వచ్చింది, కొంచెం. చలికి వణికినట్టుండేది, అది వేరే సంగతి. పుస్తకంలో ఆవిడ రాతలు మాత్రం పేజీలు గడిచేకొద్దీ చిన్నవైపోయాయి. "ఆయన బజారుకెళ్ళినప్పుడు, ఇరవై నిమిషాలు." "తీగల మీద రబ్బరు ముక్క పెట్టి, శబ్దం తగ్గించి." "కమాను లేకుండా, వేళ్ళతో మీటి, పది నిమిషాలు." కోడిగుడ్ల మీద జోకులు ఎప్పుడో ఆగిపోయాయి.

ఒక గురువారం ముప్పై ఏడో పేజీ ముగిసింది. టీచరు కళ్ళు మెరిశాయి.

"వచ్చే నెల మన పిల్లలందరి కచేరీ ఇక్కడే. మీరు ముప్పై ఎనిమిది వాయించాలి మాస్టారూ. మీ బావమరిదిగారినీ వాళ్ళావిడనీ పిలవండి. మీరు వాయించే ముందు నేను లేచి రెండు మాటలు చెబుతాను. ఆవిడ మానేయడానికి నేనే కారణమని, క్షమించమని ఆవిడ వాళ్ళ ముందు అడుగుతాను. ఆవిడ్ని ఎలాగూ అడగలేకపోయాను."

టైపు మాస్టారు పుస్తకం మూసి పెట్టెలో పెట్టాడు. "ఎందుకమ్మా ఇప్పుడవన్నీ," అన్నాడు.

"మీరు మంచివాళ్ళు కాబట్టి అలా అంటున్నారు," అంది టీచరు.

ఆ మాటతో తల కొట్టేసినట్టయింది.

*

బస్సులో ఇంటికొస్తూ దారులు వెతికాడు. బావమరిది ఊళ్ళో లేడని చెప్పొచ్చు. చేయి బెణికిందని చెప్పొచ్చు. ఒక దారి దొరికినప్పుడల్లా కాస్త ఊపిరాడేది, ఆ ఊపిరాడటానికే మళ్ళీ సిగ్గేసేది. ఇంటికి రాగానే, ఆలోచిస్తే మానేస్తానని భయపడి, బావమరిదికి ఫోన్ చేశాడు. కచేరీ సంగతి చెప్పాడు.

"నువ్వా బావా! చెల్లోనా!" అవతల నవ్వు. "ఇంతకీ తలుపుకి నూనె వేయించావా లేదా?"

నాలుగేళ్ళయినా ఆ జోకు ఆ కుటుంబంలో బతికే ఉంది. టైపు మాస్టారు నవ్వలేదు. నవ్వు దానంతటదే ఆగింది.

"బావా..." అన్నాడు బావమరిది, గొంతు మార్చి. "ఆ రోజు తర్వాత అక్క దాన్ని ముట్టుకోలేదు కదూ?"

"లేదోయ్."

"నేనే ఎక్కువ నవ్వాను."

"అన్నది నేను," అన్నాడు టైపు మాస్టారు.

ఫోన్ పెట్టేసి పుస్తకం తెరిచాడు. పాఠం రాకుండా పేజీ తిప్పడం జీవితంలో అదే మొదటిసారి. ముప్పై ఎనిమిదో పేజీ మార్జినులో, పైనుంచి కిందిదాకా, ఈసారి పెద్ద అక్షరాలు:

"ఇరవై ఐదు నిమిషాలు! కమానుతోనే. ఈ రోజు ఆయన తలుపు వేసుకోలేదు. అంటే మరీ అంత ఘోరంగా లేదన్నమాట. ఆదివారం తమ్ముడు వాళ్ళొస్తున్నారు. వాళ్ళ ముందు వాయిస్తాను. ఆయన కూడా వింటారు."

చాలాసేపు గుర్తుతెచ్చుకోవాలని చూశాడు. ఆ రోజు ఏం చేస్తున్నాడు? పేపరు చదువుతున్నాడా? కునుకు తీశాడా? ఒక్కసారైనా, ఒక్క నిమిషమైనా, కావాలని తలుపు తీసి ఉంచాడేమో? ఎంత వెతికినా దొరకలేదు. మర్చిపోయుంటాడు. అంతే అయ్యుంటుంది. ఆ మర్చిపోవడాన్ని ఆవిడ దయ అనుకుంది, రాసిపెట్టుకుంది, దాని మీద నమ్మకం పెట్టుకుని నలుగురి ముందు కుర్చీ అంచున కూర్చుంది.

ఆయన లేచి వెళ్ళి తన గది తలుపు బార్లా తెరిచాడు. తెరిచాక ఏం చేయాలో తెలియక, అక్కడే నిలబడ్డాడు.

*

తర్వాతి గురువారం పిడుగు బయటికి వస్తోంది. "తాతగారూ, మీ మొహమేంటి, పరీక్ష తప్పినట్టుంది?"

"ఇంకా రాయలేదమ్మా. ఇప్పుడు రాయాలి," అన్నాడాయన.

పెట్టె తెరవలేదు. కుర్చీలో కూర్చోలేదు. పుస్తకం ముప్పై ఎనిమిదో పేజీ దగ్గర తెరిచి టీచరు చేతికిచ్చాడు. టీచరు మార్జిను చదివి, అర్థంకాక తలెత్తింది.

"ఆ ఆదివారం వాయించింది. అందరి ముందూ. అయిపోగానే నేనొక జోకేశాను. తలుపు కిర్రుమన్నట్టుందని. అందరం నవ్వాం. పెట్టె మూసేసింది. మీరన్న మాటకి కాదమ్మా ఆవిడ మానేసింది. మొదటి రోజే మీకు చెప్పాల్సింది. మీరు తప్పు మీ మీద వేసుకుంటుంటే నేను మంచినీళ్ళు తాగుతూ కూర్చున్నాను."

టీచరు పుస్తకం మూయలేదు. వేలు ఆ అక్షరాల మీదే ఉంది.

"నాలుగేళ్ళు," అంది. "అందులో రెండేళ్ళు మీరు వారం వారం ఈ గదిలోనే ఉన్నారు."

"అవునమ్మా."

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి తిప్పిన చప్పుడు. చాలాసేపు నీళ్ళు పడుతూనే ఉన్నాయి. ఆయన పెట్టె నీలం దారం పట్టుకుని నిలబడ్డాడు. వెళ్ళిపోవాలా, ఉండాలా? వెళ్ళిపొమ్మంటే వెళ్ళిపోవచ్చు, అది తేలిక. కుళాయి ఆగింది.

టీచరు వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మొహం తడిగా ఉంది. గొంతు మాత్రం ఆయన ఎప్పుడూ వినని గొంతు.

"కచేరీ రోజు నేను చెప్పాల్సిన మాటేమీ లేదు. చెప్పాల్సింది మీరు. మీ బావమరిదిగారి ముందే చెప్పండి. తర్వాత వాయించండి."

"చెబుతానమ్మా."

"తియ్యండి చెల్లో."

తీశాడు. కూర్చుని, కింది కడ్డీ నేలకి ఆనించాడు. గది తలుపు తెరిచి ఉంది. మెట్ల మీద పిడుగు కాళ్ళు ఊపుతూ కనిపిస్తోంది, పై అంతస్తు వాళ్ళెవరో సంచులతో ఎక్కుతున్నారు. ఆయన అలవాటు కొద్దీ తలుపు వేయడానికి లేవబోయాడు.

"ఉండనివ్వండి," అంది టీచరు. "విననివ్వండి."

ఆయన వాయించాడు. రెండు వరుసలు కూడా కాలేదు.

"ఆపండి. ఏంటా వేళ్ళు? మిషను మీద అక్షరాలు కొడుతున్నారా? ఒక మీట కొట్టి వదిలేస్తేనే రెండోది పడటానికి ఇది టైపా? రెండో వేలు వేసినప్పుడు మొదటిది తీగ మీదే ఉండాలి, మూడోది వేసినప్పుడు రెండూ ఉండాలి. వెనకున్న వేళ్ళు మోస్తేనే ముందు వేలికి బలం. మీరేమో ప్రతి దాన్నీ ఒంటరిగా వదిలేస్తున్నారు. మొదటి రోజు నుంచీ చూస్తున్నాను. రెండేళ్ళు పాడుచేసుకున్నారు!"

మెట్ల మీంచి కిసుక్కున నవ్వు వినిపించింది. "నేనెప్పుడో చెప్పాను!" అంది పిడుగు.

టైపు మాస్టారి చెవులు వేడెక్కాయి. మెట్లెక్కుతున్నవాళ్ళు కూడా ఆగి లోపలికి చూస్తున్నారు. ముప్పై ఏళ్ళు పదిమంది ముందు వేళ్ళ మీద రూళ్ళకర్ర వేసినవాడికి, ఆ దెబ్బ ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. అయినా సిగ్గుకి అడుగున ఎక్కడో, తన భుజం మీంచి ఎవరో ఒక సంచి దించినట్టు అనిపించింది. టీచరుకి మాట తిరిగి వచ్చింది. ఆ మాట మొదట తన మీదే పడింది. అంతకంటే ఏం అడుగుతాడు?

"గీతలు తీసేయమంటారా?" అని అడిగాడు మెల్లగా. "చూసి వాయించకూడదు కదా. నేనైతే గుడ్డ కప్పేవాణ్ణి."

టీచరు వంగి ఆ మూడు ఎర్ర గీతల్నీ చూసింది. చివరిది ఒక కొస లేచి ఉంటే, బొటనవేలితో నొక్కి అతికించింది.

"ఇవి ఆవిడ అతికించుకున్నవి. ఉండనివ్వండి. మీరు కళ్ళు మూసుకోండి."

ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"మొదటి వేలు. ఎత్తకండి. రెండోది. మొదటిది ఎత్తుతున్నారు, కనపడుతోంది నాకు. ఊఁ. మళ్ళీ మొదటి నుంచి."

కమాను తీగ మీద ఆనింది. మొదటి వేలు ఉన్నచోటే ఉంది. దాని పక్కన రెండోది పడింది. కిర్రుమంది. ఆయన ఆగలేదు.